కుడివైపు నుంచి వచ్చేవాళ్లకు దారి

జూన్ 23, తిరుపతి: గాంధీ రోడ్డు, లీలామహల్ కూడలి

తిరుపతికి ఎవరొచ్చినా కొండ కోసమే వస్తారు. నేను ఈసారి కూడళ్లు చూడటానికి వెళ్లాను. నా ఉద్యోగం అలాంటిది. ఏ దారికి ఎన్ని క్షణాలు పచ్చదీపం వెలగాలో లెక్కగట్టే పని. కొన్నాళ్లు ఇంగ్లండులో, కొన్నాళ్లు జర్మనీలో చేశాక ఇప్పుడు హైదరాబాదులో చేస్తున్నాను. మా మామయ్య తిరుపతిలో ఆర్టీసీ డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు, సర్వీసులో చాలా భాగం ఘాట్ రోడ్డు మీదే గడిచింది. "ఒక్కో దేశంలో ఒక్కో రూలు అంటావు కదమ్మా, మా ఊరి రూలేమిటో వచ్చి చూసి చెప్పు" అని చాలాకాలంగా పోరుతున్నారు. మామిడికాయల కాలం కూడా కలిసొచ్చింది, బయల్దేరాను.

స్టేషను బయట ఆటో అతను నూట యాభై అడిగి వందకు దిగాడు. దిగిన కోపం తీర్చుకోవడానికో ఏమో, దగ్గరిదారి అంటూ గాంధీ రోడ్డు వదిలేసి గోవిందరాజస్వామి గుడి పక్క సందుల్లోకి తిప్పాడు. అక్కడ అప్పుడే గుండ్లు చేయించుకుని, తలలకు గంధం పూసుకున్న పెద్ద గుంపు వీధికి అడ్డంగా నడుస్తోంది. ఎదురుగా ఇంకో ఆటో, పక్క సందులోంచి పాలవ్యాను. నాలుగు సందులు కలిసే చోటు. దీపం లేదు, పోలీసు లేడు. మా అతను హారన్ జోలికి పోలేదు. తల బయటికి పెట్టి "గోవిందా!" అని గట్టిగా అరిచాడు. గుంపంతా "గోవిందా!" అని బదులిస్తూ, చేతులెత్తిన ఊపులోనే గోడవారకు జరిగింది. ఎదుటి ఆటో అతను పాలవ్యాను వైపు వేలు చూపించాడు, మావాడు తలూపాడు. వ్యాను ముందు, తర్వాత ఎదుటి ఆటో, ఆ తర్వాత మేము.

"హారన్ కొడితే జరగరమ్మా, వెనక్కి తిరిగి చూస్తారు. దేవుడి పేరు చెప్తే చూడకుండానే జరుగుతారు" అన్నాడు.

రహదారి చిహ్నాలన్నీ ఒక తీరున ఉండాలని 1968లో వియన్నాలో దేశాలు ఒప్పందం రాసుకున్నాయి. బోర్డుల ఆకారాలు, దీపాల వరస, రోడ్డు మీద గీతలు అన్నీ అందులో ఉన్నాయి. ఈ గోవింద సంకేతం మాత్రం లేదు.

సాయంత్రం మామయ్యతో లీలామహల్ కూడలికి వెళ్లాను. 2023లో తెరిచిన శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ ఇక్కడ నెత్తిమీదుగా పోతుంది. దూరపు బండ్లు పైకెక్కాక కింద ఒత్తిడి తగ్గిందని మామయ్య అంటారు. స్తంభాలు అడ్డమొచ్చి పక్కదారి బండి కనబడటం లేదని కూడా ఆయనే అంటారు. కాసేపు నిలబడి చూశాక రెండూ ఒప్పుకున్నాను. ఫిల్టర్ కాఫీ ఇరవై రూపాయలు, చిన్న గ్లాసు, పెద్ద రుచి. కొట్టు అరుగు మీద కూర్చుంటే కూడలి మొత్తం కనిపిస్తుంది.

ఎర్రదీపం పక్కన అంకెలు తగ్గుతూ వస్తుంటాయి. ఐదు అనగానే బైకులు కదులుతాయి, మూడు అనగానే ఆటోలు, ఒకటి అనేసరికి బస్సు కూడా గీత దాటి ఉంటుంది. పచ్చదీపం ఎవరి కోసం వెలుగుతుందో తెలియదు. ఇంగ్లండులో, జర్మనీలో ఎరుపు తర్వాత క్షణకాలం ఎరుపూ పసుపూ కలిసి వెలుగుతాయి, గేరు వేసుకోమని. అమెరికాలో అదీ లేదు, ఎరుపు నుంచి నేరుగా పచ్చే. మనవాళ్లు అంకెలు పెట్టి, సిద్ధం కావడానికి నిమిషం ముందు నుంచే ఆహ్వానం పలుకుతున్నారు.

మామయ్యకు మొదటి సిగ్నలు కథ చెప్పాను. 1868 డిసెంబరులో లండన్ పార్లమెంటు భవనం దగ్గర జాన్ పీక్ నైట్ అనే రైల్వే ఇంజినీరు సలహాతో పెట్టారు. అచ్చం రైలు సిగ్నలే. పగలు చెయ్యి పైకి లేచి దిగుతుంది, రాత్రి ఎరుపు, పచ్చ గ్యాసుదీపాలు. పక్కన పోలీసు నిలబడి తిప్పాలి. 1869 జనవరిలో గ్యాసు పేలి ఆ పోలీసే గాయపడ్డాడు. తర్వాత దాన్ని తీసేశారు. కరెంటు సిగ్నలు కోసం 1910ల దాకా ఆగాల్సి వచ్చింది, అదీ అమెరికాలో.

"అప్పుడూ దెబ్బ తగిలింది పోలీసుకేనా" అన్నారు మామయ్య. ఎదురుగా ఎండలో ఆరంగుళాల నీడ వెతుక్కుంటున్న కానిస్టేబులు వైపు చూస్తూ.

ఇంతలో తొమ్మిది గజాల చీర కట్టిన ఒక పెద్దావిడ, బహుశా మహారాష్ట్ర నుంచి వచ్చిన యాత్రికురాలు, నెత్తిన మూటతో రోడ్డు దాటడానికి నిలబడింది. ఆమె ఎదుట బండ్లకు ఎరుపే. అయినా ఎడమకు తిరిగే బండ్లు ఆగవు, దాన్ని ఫ్రీ లెఫ్ట్ అంటాం. బోర్డు ఉన్న చోటే అలా తిరగాలి, కానీ బోర్డు కోసం చూసేవాళ్లెవరు? అమెరికాలో దీనికి జోడీ ఉంది. వాళ్లు కుడిపక్క నడుపుతారు కాబట్టి ఎరుపు మీద కుడికి తిరగనిస్తారు. 1970లలో చమురు కొరత వచ్చినప్పుడు, ఊరికే నిలబడి పెట్రోలు తగలేయడం ఎందుకని దాన్ని దేశమంతటా విస్తరించారు. అయితే ముందు పూర్తిగా ఆగి, నడిచేవాళ్లను పోనిచ్చి, ఆ తర్వాతే తిరగాలి. న్యూయార్క్ నగరంలో మాత్రం ప్రత్యేకంగా బోర్డు ఉంటే తప్ప కుదరదు. కారణం సులువే, అక్కడ నడిచేవాళ్లు ఎక్కువ. తిరుపతిలో అంతకన్నా ఎక్కువ, పైగా సగం మంది చెప్పుల్లేకుండా నడుస్తారు. గుడి చుట్టుపక్కల కూడళ్లలో ఫ్రీ లెఫ్ట్ తీసేయాలన్నది నా అభిప్రాయం. ఆటోవాళ్లు నన్ను తిట్టుకున్నా సరే.

పెద్దావిడను చివరికి మామయ్య చెయ్యడ్డం పెట్టి దాటించారు. ఆమె ఆయన కాళ్లకు దండం పెట్టబోతే ఆయన నాలుగడుగులు వెనక్కి గెంతారు. ఆ గెంతుకు మాత్రం అన్ని బండ్లూ ఆగాయి.

జూన్ 24, అలిపిరి, కొండ, నంది కూడలి

అత్తయ్య పొంగలి, వడ, చెనక్కాయల చట్నీ చేసింది. ఇవి తిని ఘాట్ రోడ్డు ఎక్కితే నిద్రపోతానని మామయ్య భయం. బావ కారిచ్చాడు, నడిపింది మామయ్యే.

అలిపిరి తనిఖీలో ముందు కారులోని పెద్దమనిషి సంచిలో సిగరెట్ పెట్టె దొరికింది. "మర్చిపోయాను స్వామీ" అన్నాడాయన. "గుర్తుచేయడానికే మేమున్నాం స్వామీ" అని భద్రతా సిబ్బంది దాన్ని డబ్బాలో పడేశాడు. ఇక్కడ కొట్లాట కూడా స్వామీ అనే మొదలవుతుంది, స్వామీ అనే ముగుస్తుంది. మధ్యలో మాటలు మాత్రం మామూలువే.

మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు. ఇప్పుడది దిగడానికి. ఎక్కడానికి 1970లలో రెండోది వేశారు. ఎదురెదురు బండ్ల బెడదే లేదు. మా వృత్తిలో వాళ్లంతా కాగితాల మీద గీసుకుని మురిసిపోయేది ఇదే: రెండు ప్రవాహాలు ఒకదాన్నొకటి తాకకుండా వేరు చేయడం. ఎంత మంచి సిగ్నలైనా దీని తర్వాతే.

మామయ్యకు ఇష్టమైన సంగతి ఇంకొకటి, బండి బయల్దేరిన వేళ వేసిచ్చే సమయం చీటీ. పైకి 28 నిమిషాల కన్నా ముందు, కిందికి 40 నిమిషాల కన్నా ముందు చేరితే జరిమానా అని ఆయన లెక్క. ఇంగ్లండులో రెండు చోట్ల కెమెరాలు పెట్టి మధ్యలో సగటు వేగం కొలుస్తారు, నేను ఆ పనిలో కొన్ని నెలలు తలపట్టుకున్నాను. కొండ మీద అదే పని ఒక కాగితం ముక్కతో జరిగిపోయింది. అయితే మన తెలివి ఊరుకోదు. దిగేటప్పుడు ఆఖరి మలుపులు దాటాక చెట్ల కింద కార్లు వరసగా ఆగి ఉన్నాయి. "చూడు, మలుపుల్లో ఉరికించి, మిగిలిన నిమిషాలు ఇక్కడ కూర్చుని పులిహోర తింటారు" అని మామయ్య మండిపడ్డారు. ఒక కుటుంబం మాకూ పులిహోర ఇవ్వబోయింది. ఆయన తీసుకోలేదు, నేను తీసుకున్నాను.

దర్శనం సంగతి రాయను, బాగా జరిగింది. వెంగమాంబ అన్నప్రసాద భవనంలో తిన్న చారు అన్నం ఇంకా నాలుక మీద ఉంది.

దారిలో మామయ్యను అడిగాను: ఇరుకు కొండదారిలో రెండు బండ్లు ఎదురైతే ఎవరాగాలి? ఆలోచించకుండా చెప్పారు, "దిగేవాడు ఆగాలి. ఎక్కేవాడికి దారి. నిండు బస్సు ఎత్తు మీద ఆగిందంటే మళ్లీ కదిలేటప్పుడు వెనక్కి జారుతుంది." ఈ నియమం మన రహదారి నిబంధనల్లో అచ్చంగా ఇలాగే ఉంది. ఆయన పుస్తకం చదివి చెప్పలేదు, అవసరం నేర్పింది.

కిందికొచ్చాక నంది కూడలి దగ్గర రెండో ప్రశ్న వేశాను. "సర్కిల్లో తిరుగుతున్న బండికి హక్కా, బయటి నుంచి లోపలికొచ్చే బండికా?"

"ముందు ముక్కు దూర్చినవాడికి."

"రూలు ప్రకారం?"

"రూలా? ఉందా?"

ఉంది. కేంద్రం 1989లో తెచ్చిన రహదారి నిబంధనల్లోనే రాసి ఉంది: ప్రధాన రహదారి అని గుర్తించిన దారిలోకి వెళ్తుంటే ఆ దారి బండ్లకు, మిగతా కూడళ్లలో కుడివైపు నుంచి వచ్చే బండ్లకు దారివ్వాలి. 2017లో కొత్త నిబంధనలు వచ్చినా ఈ సూత్రం పోలేదు. మనం ఎడమపక్క నడుపుతాం కదా, సర్కిల్లోకి వెళ్లబోయేవాడికి లోపల తిరిగే బండి ఎప్పుడూ కుడివైపు నుంచే వస్తుంది. అంటే లోపలివాడికే దారి. లోపలివాడు కదిలి బయటపడితేనే కొత్తవాడికి చోటు దొరుకుతుంది, సర్కిల్ బిగుసుకోదు.

ఇంగ్లండు వాళ్లకు ఇది తెలిసొచ్చింది 1966లో. అంతకుముందు అక్కడా ఎవరికి వీలైతే వాళ్లు దూరేవాళ్లు, రద్దీ పెరిగితే సర్కిల్ మొత్తం స్తంభించేది. ఆ ఏడాది లోపలివాడికే హక్కు అని చట్టం చేశాక పరిస్థితి మారిపోయింది. ఫ్రాంక్ బ్లాక్‌మోర్ అనే ఇంజినీరు అక్కడితో ఆగకుండా చిన్న చిన్న సర్కిళ్లు కనిపెట్టాడు. 1972లో స్విండన్ పట్టణంలో ఐదు చిన్న సర్కిళ్లను ఒక పెద్ద సర్కిల్ చుట్టూ అమర్చారు. నేను దాని మీదుగా నడిపాను. మొదటిసారి భయమేస్తుంది, రెండోసారి నవ్వొస్తుంది.

ఫ్రాన్సు వాళ్లదీ కుడివైపు వాళ్లకు దారి అనే నియమమే. జర్మనీలో ఇళ్ల మధ్య వీధుల్లోనూ అదే. కానీ వాళ్లు నడిపేది కుడిపక్క. అదే నియమాన్ని సర్కిల్‌కు తెస్తే బయటి నుంచి వచ్చేవాడికి హక్కు దక్కుతుంది, లోపలివాడు ఆగి వాడికి చోటివ్వాలి, చూస్తుండగానే సర్కిల్ నిండిపోతుంది. అందుకని 1980లలో ఫ్రాన్సు తన సర్కిళ్ల నియమం మార్చుకుని, లోపలికొచ్చేవాళ్లే ఆగాలని బోర్డులు పెట్టింది. పన్నెండు వీధులు కలిసే ప్యారిస్ విజయద్వారం చుట్టూ మాత్రం ఇప్పటికీ పాత పద్ధతే, లోపల తిరిగేవాళ్లే ఆగుతారు.

మామయ్య ముఖం వెలిగిపోయింది. "అంటే ప్యారిస్ వాళ్లూ మనలాగే దూరుతారన్నమాట!"

"వాళ్లకది రూలు మామయ్యా. మన రూలు దానికి తలకిందులు."

ఏ అదృష్టం వల్లనో ఎడమపక్క నడపడం, కుడివైపుకు దారివ్వడం రెండూ మనకు ఒక్కచోట కలిశాయి. సర్కిల్‌కు ఇంతకన్నా తగిన జోడీ లేదు, ఫ్రాన్సు వాళ్లు బోర్డులు పాతి తెచ్చుకున్నది మనకు ఊరికే వచ్చింది. అలాంటిది ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషికి కూడా ఆ రూలు ఉందని తెలియదు. నాకు బాధ కలిగింది. మామయ్యకు కలగలేదు, ఆయన నంది చుట్టూ ఇంకో చుట్టు తిప్పి, లోపలికి దూరుతున్న ప్రతి బండివాడికీ కిటికీలోంచి "నాకు దారి!" అని చెప్పడం మొదలుపెట్టారు. వాళ్లు ఆయనకు వేరే ఏదో చెప్పారు.

జూన్ 25, చంద్రగిరి దాటి కాణిపాకం

కారు బావకు కావాలి, బస్సెక్కాం. చిత్తూరు సుమారు 70 కిలోమీటర్లు. మామయ్య డ్రైవరు వెనక సీటు పట్టుకుని, దారి పొడవునా లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నారు.

చంద్రగిరి దాటాక ఒక పాకలో భోజనానికి దిగాం. రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఊరుబిండి, మనిషికి నూట యాభై. సంగటి ముద్ద రెండోది వద్దన్నాను. వడ్డించే ఆమె వినిపించుకోలేదు, ముద్ద ఆకులో పడ్డాకే "వద్దా అమ్మా?" అని అడిగింది.

మళ్లీ బస్సు పట్టుకుంటే పూతలపట్టు దాటాక ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తే కనుచూపు మేర ట్రాక్టర్లు, అన్నిట్లో తోతాపురి కాయలు. ముందు గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. దిగి నడిచాం. బంగారుపాళ్యం దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక రైతు ట్రాక్టరు కింద తుండు పరుచుకుని కూర్చున్నాడు. నిన్న సాయంత్రం నుంచి అక్కడే ఉన్నాడట. జేబులోంచి టోకెన్ తీసి చూపించాడు. కాయలు వేడెక్కి మెత్తబడుతున్నాయని దిగులు పడ్డాడు గానీ, వరస గురించి ఫిర్యాదు లేదు. "నంబరు ఉంది కదమ్మా, ఎవరూ దాటిపోరు. దాటితే ఊరుకుంటామా?"

అసలు చిక్కు ఫ్యాక్టరీ దారి హైవేలో కలిసే చోట. అక్కడ టోకెన్లు లేవు. ఖాళీ ట్రాక్టర్లు బయటికి రావాలి, నిండువి లోపలికి పోవాలి, మధ్యలో మా బస్సు, ఎదురుగా లారీలు. అందరూ ఒక్కసారే ముందుకు వచ్చి, అందరూ ఆగిపోయారు.

నేను ఆ రైతుకు అమెరికాలోని నాలుగువైపుల ఆగే కూడళ్ల గురించి చెప్పాను. దక్షిణాఫ్రికాలోనూ ఉన్నాయి. దీపం ఉండదు, నాలుగు దారుల్లోనూ ఆగమనే బోర్డు మాత్రం ఉంటుంది. అందరూ పూర్తిగా ఆగాలి. ఎవరు ముందు ఆగితే వాళ్లు ముందు కదలాలి. వరస ఎవరికి వాళ్లు గుర్తుపెట్టుకోవాలి. ఆ బోర్డు ఎనిమిది మూలల ఆకారం వెనక నుంచి చూసినా, మంచు కప్పినా పోల్చుకోవచ్చు. అమెరికాలో ఒకప్పుడు పసుపు రంగులో ఉండేది, 1954లో ఎరుపు చేశారు.

"ఇద్దరూ ఒకేసారి వస్తే?" అన్నాడు రైతు.

"కుడివైపు ఉన్నవాళ్లకు దారి."

"నేనే ముందొచ్చానని ఇద్దరూ అంటే?"

నేను జవాబు వెతుక్కునేలోపు పక్క ట్రాక్టరు మీంచి ఇంకొకతను అందుకున్నాడు, "కాణిపాకం పక్కనే కదన్నా, గుడికెళ్లి ప్రమాణం చేస్తారు." చుట్టూ ఉన్నవాళ్లంతా పకపకా నవ్వారు. కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేయడానికి ఇక్కడ ఎంతటివాడైనా జంకుతాడు. అప్పులు, పొలం గట్లు, దొంగతనాలు, అన్నీ ఆయన దగ్గర తేల్చుకుంటారు. సాయంత్రం ఆ గుడికే వెళ్లాం. బావిలో వెలిసిన స్వామి, చుట్టూ ఎప్పుడూ నీళ్లు. కూడలి తగువు తెచ్చినవాళ్లు ఎవరూ కనిపించలేదు.

జూన్ 26, చిత్తూరు: గాంధీ విగ్రహం కూడలి

పొద్దున్నే కూడలికి వెళ్లేసరికి కరెంటు లేదు. సిగ్నలు ఆరిపోయింది. జర్మనీలో ఇలా జరిగితే ఎవరూ కంగారుపడరు, చాలా చోట్ల రాత్రిళ్లు వాళ్లే ఆపేస్తారు కూడా. దీపం కిందనే బోర్డు ఉంటుంది, అది ఎవరికి దారో చెబుతుంది. ఇక్కడ బోర్డు లేదు. అయినా బండ్లు సాగిపోతున్నాయి. దీపం వెలిగినప్పటికన్నా హాయిగా! వేగం తగ్గింది, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు.

నెదర్లాండ్స్‌లో హాన్స్ మోండర్‌మాన్ అనే ఆయన ఇదే వాదం వినిపించేవాడు. డ్రాఖ్టెన్ పట్టణంలో రద్దీ కూడలిలో సిగ్నళ్లు పీకించి, రోడ్డును చౌకులాగా మార్పించాడు. రోడ్డు కాస్త ప్రమాదంగా అనిపిస్తేనే మనిషి ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడన్నది ఆయన నమ్మకం. ఆ పద్ధతి చాలా దేశాలకు పాకింది. నేను సగమే ఒప్పుకుంటాను. ముఖం చూసుకోవడం మీద నడిచే కూడలిలో చూపు లేనివాళ్ల గతి ఏమిటి? ఇంగ్లండులో అంధుల సంఘాలు గట్టిగా అడిగిన ప్రశ్న ఇది. చిత్తూరు కూడలిలో కూడా చేతికర్ర పట్టుకున్న ఒక ముసలాయన ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కి వేస్తూ చాలాసేపు నిలబడ్డాడు. వేలూరు వైపు నుంచి వచ్చే లారీల డ్రైవర్లకు ఆయన ముఖం కనబడదు.

కానిస్టేబులు వచ్చి చెయ్యెత్తాడు, ముసలాయన దాటాడు. ఎండ తగ్గించుకోవడానికి అతను మా పక్కకు వచ్చినప్పుడు భూటాన్ గురించి చెప్పాను. థింపూలో సిగ్నళ్లే లేవు. ఒకసారి పెట్టారు గానీ జనానికి నచ్చక తీసేశారు. పెద్ద కూడలిలో పోలీసే చేతులతో నడిపిస్తాడు, ఆయన నిలబడటానికి రంగురంగుల చిన్న మండపం కట్టారు.

"పైకప్పు ఉందా?" అని అడిగాడు.

"ఉంది."

"సరే" అని మళ్లీ ఎండలోకి వెళ్లాడు.

మధ్యాహ్నం బస్సుకు ముందు ఇంకో పని. మామయ్య పట్టుబట్టి నన్ను ఒక డ్రైవింగ్ స్కూలుకు తీసుకెళ్లారు. కుడివైపు రూలు పిల్లలకు నేర్పుతున్నారా లేదా తేల్చుకోవాలట. యజమాని నెమ్మదస్తుడు. క్లచ్చు, రివర్సు, ఎనిమిది అంకె ఆకారం, ఎత్తు మీద బండి ఆపి కదలడం నేర్పుతాడు. కుడివైపు సంగతి అడిగితే, "పుస్తకంలో ఉందమ్మా, చదువుకోమంటాను. బండి మీద నేర్పను. నేర్పితే మావాడు ఆగుతాడు, ఆగుతాడని వెనకవాడు అనుకోడు, వచ్చి గుద్దుతాడు" అన్నాడు. ఇన్నేళ్లలో ఈ రూలు గురించి నేను విన్న వాదాల్లో ఇంత బలమైనది లేదు. అందరూ ఒక్కరోజే మొదలుపెడితే తప్ప ఒక్కడు పాటించి లాభం లేదు. స్వీడన్ 1967 సెప్టెంబరు 3న దేశం మొత్తాన్ని ఒక్కసారిగా ఎడమపక్క నుంచి కుడిపక్కకు మార్చింది. అంతటిది కాకపోయినా, ఒక ఊళ్లో ఒక సర్కిల్ దగ్గర, ఆగాల్సిన చోట గీతలు గీసి, ఒక నెల పోలీసులను నిలబెడితే చాలని నేనన్నాను. యజమాని నవ్వాడు.

మామయ్యకు ఆ నవ్వు నచ్చలేదు. "బండి తాళాలివ్వండి" అన్నారు. ఎల్ బోర్డు తగిలించిన స్కూలు కారులో ఘాట్ రోడ్డు డ్రైవరు ఎక్కి కూర్చున్నారు, పక్కన రెండో బ్రేకు మీద కాలేసి యజమాని, వెనక నేను. ఊరి చివర ఒక చిన్న సర్కిల్ దగ్గరికి వెళ్లాం. కుడివైపు నుంచి ఖాళీ మామిడి ట్రాక్టరు తిరుగుతూ వస్తోంది. మామయ్య గీత ముందు ఆగి, దారి నీదే అన్నట్టు చెయ్యి చూపించారు. ట్రాక్టరు కుర్రాడు ఉలిక్కిపడి వాడూ ఆపేశాడు. ఎల్ బోర్డు చూసి జాలిపడ్డాడేమో, "నువ్వు పో తాతా" అని చెయ్యూపాడు. మామయ్య కదల్లేదు. వాడూ కదల్లేదు. వెనక హారన్లు మొదలయ్యాయి. చివరికి ఇద్దరి మధ్యలోంచి, ముందు గ్యాసు సిలిండరు పెట్టుకున్న ఒక స్కూటరు దర్జాగా వెళ్లిపోయింది.

యజమాని డీజిలు కింద వంద తీసుకున్నాడు.